ధర కట్టని పెట్టె

కార్వర్, నెబ్రాస్కా
1968 మార్చి 4

చెల్లెమ్మ ఏవిస్‌కు,

ముక్కూ మొహం తెలియనివాడు చెల్లెమ్మా అంటున్నాడని కోపగించుకోకండి. మా అమ్మ బైబిలు మొదటి పేజీలో ఉన్నది నిజమైతే మీరు నాకు వరసకు చెల్లెలే, కాకపోతే ఏడు తరాల అవతలి నుంచి రావాలి ఆ వరస. ‘రోడ్ ఐలండ్ వాసి జోబ్ హాక్సీ కూతురు మెహిటబెల్‌ను డేనియల్ టెఫ్ట్ 1738లో పెళ్లాడెను’ అని అందులో ఉంది. ఆ డేనియల్ సంతతిలో చివరివాణ్ణి నేను. డెబ్బై ఆరేళ్లు. రైలు కట్ట పక్కన ధాన్యం గోదాంలో తూకాలు వేసి బతికాను.

అసలు సంగతికి వస్తాను. మా ఆవిడ ఇర్మా పోయిన అక్టోబరులో కన్నుమూసింది. నేను ఆమెకు రెండో భర్తను. మొదటాయన క్లైడ్ బావర్ చనిపోయినప్పుడు మా వైపు అందరూ చేసేట్టే ఒకే రాయి మీద భార్యాభర్తలిద్దరి పేర్లూ చెక్కించారు. ఆమె పేరు కింద పుట్టిన ఏడు, ఒక గీత, ఆ తర్వాత ఖాళీ. ఆ తర్వాత ముప్పై ఒక్క ఏళ్లు నాతో కాపురం చేసింది. పోయాక ఆ ఖాళీలో నాలుగంకెలు చెక్కారు, అంతే. రాయి మీద ఆమె ఇప్పటికీ ఇర్మా బావరే. ఒక పక్కన క్లైడ్, ఇంకో పక్కన క్లైడ్ తల్లిదండ్రులు. నేను పూలు పట్టుకుని పక్కింటాయనలా గడ్డి మీద నిలబడ్డాను.

నాకు పిల్లలు లేరు. ఇర్మా కూతురు లొరెట్టా పట్నంలో ఉంటుంది. క్రిస్మస్‌కు కార్డు పంపుతుంది, పైన ‘మెర్ల్‌కు’ అని రాస్తుంది. మంచి పిల్ల, తప్పు పట్టడం లేదు.

మీ ఊళ్లో రాతిగోడ కట్టిన హాక్సీల శ్మశానం ఉందనీ, జోబ్ వంశంలో ఎవరికైనా ఎప్పటికైనా అందులో చోటివ్వాలని దస్తావేజులో ఉందనీ, గేటు తాళం మీ దగ్గరే ఉంటుందనీ లైబ్రరీ పుస్తకంలో చదివాను. ఒక మనిషి పడుకునేంత చోటు అడుగుతున్నాను. నా వాళ్లు అనదగ్గవాళ్ల మధ్య ఉండాలని ఉంది. నాకు గురక అలవాటుందని ముందే చెప్పేస్తున్నాను.

జవాబు కోసం పోస్టు డబ్బా రోజూ తెరిచి చూస్తుండే,
మెర్ల్ టెఫ్ట్


పీక్ హిల్ రోడ్డు, రోడ్ ఐలండ్
1968 మార్చి 19

మిస్టర్ టెఫ్ట్ గారికి,

మీ ఉత్తరం అందింది. రుజువు దొరికేదాకా నన్ను మిస్ హాక్సీ అంటే చాలు.

పడమటి రాష్ట్రాల్లో ప్రతివాడికీ రోడ్ ఐలండ్‌లో ఒక ముత్తాత ఉంటాడు. ఏటా ఇద్దరు ముగ్గురు రాస్తూనే ఉంటారు. పోయిన ఏడు ఒకాయన జోబ్‌ను కెప్టెన్‌ని చేసి ఓడ కూడా ఇచ్చేశాడు. జోబ్‌కు ఉన్నది రాళ్ల పొలం. ఆయనకు పడవ కూడా లేదు.

బైబిలు పేజీ సాక్ష్యం కాదు. పేర్లన్నీ ఒకే చేత్తో, ఒకే సిరాతో ఉన్నాయా? ఉంటే ఏ ముసలమ్మో ఒక సాయంత్రం కూర్చుని గుర్తున్నంత రాసిందన్నమాట. నాకు వీలునామా కావాలి. మా దగ్గర పాత వీలునామాలు, చనిపోయినవాళ్ల ఆస్తి జాబితాలు రాజధానిలో ఉండవు. ఏ ఊరివి ఆ ఊరి టౌన్ హాల్లోనే ఉంటాయి. వెళ్లి అడిగాను. గుమాస్తా మిసెస్ సిసన్ నన్ను చూడగానే మొదలెట్టింది.

‘‘మళ్లీ వచ్చావా ఏవిస్? కిందటేడు ఓడ కెప్టెను. ఈసారెవరు?’’

‘‘గురక పెట్టే మనిషి,’’ అన్నాను.

‘‘అయితే నిజం చెప్పే మనిషే. కింద గదిలోకి నీళ్లొచ్చాయి తల్లీ, పుస్తకాలన్నీ ఆరబెడుతున్నాం. వచ్చే నెల రా.’’

గోడ లోపల మిగిలినవి రెండే చోట్లు. ఒకటి నాది, రెండోది దాని పక్కది. నేను పెళ్లి చేసుకోలేదు. ఉన్ని మిల్లులో మగ్గం నడిపి రిటైరయ్యాను. పక్క మగ్గం మనిషి నచ్చకపోతే మేస్త్రీని బతిమాలి మారిపోయేదాన్ని. ఇక్కడ ఆ వీలుండదు కాబట్టి మీరెవరో నాకు కచ్చితంగా తెలియాలి.

ఇట్లు,
ఏవిస్ హాక్సీ


కార్వర్
1968 ఏప్రిల్ 10

మిస్ హాక్సీ గారికి (ప్రస్తుతానికి),

పేర్లన్నీ ఒకే చేత్తో, ఒకే సిరాతో ఉన్నాయి. ఆ ముసలమ్మ మా నానమ్మ. మీరు చూడకుండానే పట్టేశారు. అయినా ఆవిడ అబద్ధాలాడే మనిషి కాదు. చేపలు పట్టే తాతయ్యే ఆ పని చేసేవాడు.

వీలునామా దొరికేదాకా నా గురించి ఇంకో నాలుగు మాటలు చెబుతాను, పక్కన ఎవరు పడుకుంటారో తెలియాలన్నారు కాబట్టి. తాగుడు మానేశాను. చర్చిలో లావు గొంతుతో పాడతాను, శ్రుతి తప్పను. పొద్దున్నే నడుచుకుంటూ గోదాం దాకా వెళ్తాను. ఇప్పుడక్కడ అంతా కొత్తవాళ్లే. నన్ను లోపలికి రానిస్తారు గానీ ఏ పనీ చెప్పరు. నిన్న లారీలను తూచే పెద్ద కాటా మీద ఎక్కి నిలబడ్డాను. నా ఒక్కడి బరువుకు ముల్లు కదల్లేదు. ఎవరైనా చూశారేమోనని దిగేశాను. ఇలాంటివి ఇర్మాకు చెప్పేవాణ్ణి. ఇప్పుడు మీకు రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మా మొక్కజొన్న పిండి ఒక సంచీ పంపుతున్నాను. మీ వైపు పెనం మీద మొక్కజొన్న అట్లు పోసుకుంటారని విన్నాను.

మెర్ల్ టెఫ్ట్


పీక్ హిల్ రోడ్డు
1968 మే 14

మిస్టర్ టెఫ్ట్ గారికి,

పిండి అందింది. పసుపు పిండి! మా జానీకేకులకు, అదే మీరన్న అట్లకు, తెల్ల మొక్కజొన్న తప్ప ఇంకోటి వాడం. పసుపుది ఇక్కడ కోళ్లకు వేస్తారు. మీ మీద గౌరవంతో నా కోళ్లకే వేశాను. ఇష్టంగా తిన్నాయి.

జోబ్ వీలునామా చూశాను. 1749. నీళ్లకు అంచులు ఉబ్బాయి గానీ రాత చెదరలేదు. పొలం పెద్దకొడుకు గిడియన్‌కు, మిల్లు పక్క చెక్క స్టీఫెన్‌కు, ఒక్కో ఆవు, ఒక్కో పరుపు కూతుళ్లు లిడియాకూ డోర్కస్‌కూ. భార్య హన్నాకు పడమటి గది, పొయ్యి దగ్గర చోటు, బావికి దారి. నుదుట మచ్చ ఉన్న ఆవు లిడియాకే చెందాలని కూడా రాశాడు. అంత పట్టింపు గల మనిషి. మెహిటబెల్ అన్న పేరు మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఎక్కడా లేదు. రెండుసార్లు చదివాను, మిసెస్ సిసన్ చేత కూడా చదివించాను.

ఉన్న మాట చెప్పాలి. ఆవును గుర్తు పెట్టుకున్న తండ్రి కూతుర్ని మరిచిపోడు. మీ నానమ్మకు ఎవరో తప్పు చెప్పి ఉంటారు. దస్తావేజులో జోబ్ వంశం అని ఉంది, నియమం నేను పెట్టింది కాదు. చోటు ఇవ్వలేను. నాకు బాధగానే ఉంది.

ఏవిస్ హాక్సీ


కార్వర్
1968 జూన్ 3

మిస్ హాక్సీ గారికి,

శ్రమ తీసుకున్నందుకు కృతజ్ఞతలు. నియమం అంటే నియమమే. తూకం దగ్గర నేనూ ఎవరికీ సడలించలేదు.

ఒక్క మాట. గురకలూ కాటాలూ అంటూ వాగకుండా ఉండాల్సింది. ఇలాంటివాడు పక్కన వద్దని మీకనిపిస్తే సూటిగా చెప్పినా సరిపోయేది. కోళ్లకు వేశానన్న మాట చదివినప్పుడే నాకు అర్థమైంది.

ఇక మిమ్మల్ని ఇబ్బంది పెట్టను. ఊరి శ్మశానంలో దిక్కులేనివాళ్లకని ఒక మూల ఉంది. అక్కడ గాలి బాగానే వస్తుంది.

ఎం. టెఫ్ట్


పీక్ హిల్ రోడ్డు
1968 ఆగస్టు 9

మిస్టర్ టెఫ్ట్ గారికి,

జూన్ చివర్లో ఒకటి, జులైలో ఒకటి రాశాను. జవాబు లేదు. ఇది మూడోది.

నేను మాట్లాడే తీరే అంత. మిల్లులో మగ్గాల రొదలో గట్టిగా, పొట్టిగా అరిస్తేనే వినబడేది. మర్యాద కలిపేంత సందు ఉండేది కాదు. పక్కన ఎవరూ వద్దని నేననలేదు. నా కోళ్లు నాకు తక్కువా కాదు. వాటికి పేర్లున్నాయి.

పోస్ట్‌మాన్ ఎర్ల్ నిన్న కారు ఆపి మరీ అడిగాడు: ‘‘నెబ్రాస్కా ఆయన ఏమైపోయాడమ్మా? చేతిరాత బాగుండేది.’’ ‘‘అలిగాడు,’’ అన్నాను. ‘‘మీరేమన్నారేంటి?’’ అన్నాడు. చూడండి, తప్పు నాదేనని ఊరంతా తేల్చేసింది.

నిజం చెప్పాలంటే ఉత్తరాలు ఆగిపోయాక మధ్యాహ్నాలు గడవడం కష్టంగా ఉంది. కాటా సంగతి రాశారు కదా. అది చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు. నాకూ అలాంటివి చాలా ఉన్నాయి, చెప్పుకునే మనిషి ఎప్పుడూ లేడు కాబట్టి అలవాటు లేదు.

ఏవిస్


పీక్ హిల్ రోడ్డు
1968 అక్టోబరు 22

అన్నయ్యా,

అవును, సరిగ్గానే చదివారు. అలకలో ఉంటే ఉండండి గానీ ఈ ఉత్తరం చివరిదాకా చదవండి.

పోయిన వారం దుప్పట్లు ఎండబెడుతుంటే మా అక్క రూత్ గుర్తొచ్చింది. దాని పెళ్లికి మా నాన్న ఒక పరుపు, నాలుగు దుప్పట్లు, ఒక పెయ్య ఇచ్చి, ‘‘ఇదిగో రూతమ్మా, నీ వాటా నీకు ముట్టింది. రేపు నేను పోయాక మళ్లీ చెయ్యి చాపకు,’’ అని అందరి ముందూ నవ్వుతూ అన్నాడు. ఆయన వీలునామాలో రూత్ పేరు లేదు. ఎందుకు లేదని మేమెవరం అడగలేదు, ఇక్కడ పెళ్లయిన ఆడపిల్ల సంగతి అలాగే ఉంటుంది. ఆ ఇంట్లోనే పుట్టి పెరిగిన నేను, జోబ్ పేరు రాయలేదు కాబట్టి ఆ కూతురు లేనే లేదని మీకు తీర్పు రాసి పంపాను. మెహిటబెల్ పెళ్లి 1738లో. తండ్రి పోయింది 1749లో. ఆమె పరుపూ ఆవూ పెళ్లినాడే ఆమెతో వెళ్లిపోయాయి.

చెప్పు కూడా సరిగా తొడుక్కోకుండా హాలుకు పరుగెత్తాను. ‘‘జోబ్ కాదు, ఆయన పెళ్లాం హన్నాది తియ్యి,’’ అన్నాను. మిసెస్ సిసన్ ‘‘ఆడవాళ్లకు వీలునామాలేముంటాయి ఏవిస్, పాత గౌన్లు తప్ప?’’ అంది. నాకు కావలసినవి ఆ గౌన్లే.

1761. హన్నా తన బట్టలు ముగ్గురు కూతుళ్లకు సమానంగా పంచమంది. లిడియాకు, డోర్కస్‌కు, ‘డేనియల్ టెఫ్ట్ భార్యయై దూరాన నున్న మెహిటబెల్‌కు. ఆమె వాటా నీలం పెట్టెలో ఉంచవలెను, ఆమె వచ్చువరకు, లేక ఎవరినైనా పంపువరకు’. తండ్రి లెక్క తేల్చేసిన పిల్లను తల్లి మళ్లీ లెక్కలోకి తెచ్చింది. మీ నానమ్మ అబద్ధం చెప్పలేదు.

అక్కడితో ఆపొచ్చు, ఆపలేకపోయాను. ఆ పెట్టె ఏమైందో చూడాలనిపించింది. డోర్కస్ పెళ్లి చేసుకోలేదు, ఆ పడమటి గదిలోనే ఉండిపోయింది, 1783లో పోయింది. అప్పట్లో మనిషి పోతే ఇద్దరు ఇరుగుపొరుగువాళ్లు వచ్చి ఇంట్లో ప్రతి వస్తువుకూ ధర కట్టేవాళ్లు. డోర్కస్ ఇంట్లో దేన్నీ వదల్లేదు. ఇనుప కుండ, రాట్నం, విరిగిన కుర్చీ, బీన్సు సగం ఉన్న జాడీ, అన్నిటికీ పక్కన అంకె ఉంది. ఒక్కచోట లేదు. ‘నీలం పెట్టె ఒకటి, లోపల అక్క మెహిటబెల్ బట్టలు’ అని రాసి, పక్కన ఖాళీ వదిలేశారు. అది డోర్కస్ ఆస్తి కాదని ఆ ఇద్దరికీ తెలుసు. ఊరందరికీ తెలిసి ఉంటుంది.

అమ్మ పోయాక ఇరవై రెండేళ్లు, అన్నయ్యా. ఎండాకాలంలో మూత తీసి, బట్టలు ఎండలో వేసి, పురుగు పట్టకుండా మళ్లీ మడిచి పెట్టి ఉంటుంది. ఎవరూ రాలేదు. మధ్యలో స్వాతంత్ర్య యుద్ధం కూడా వచ్చి పోయింది. నేను ఆ బల్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. మిసెస్ సిసన్ కిటికీ మూసి వెళ్లింది.

మీ చోటు మీదే. నా పక్కనే. గురక సంగతి అప్పుడు చూసుకుందాం. వెంటనే జవాబు రాయండి.

మీ చెల్లెలు,
ఏవిస్


కార్వర్
1968 నవంబరు 18

చెల్లెమ్మా,

అలగలేదు. జూన్ చివర్లో మెట్ల మీద పడి తుంటి ఎముక విరిగింది. నాలుగున్నర నెలలు పట్నంలో ఆసుపత్రి. మీ ఉత్తరాలన్నీ ఇంటి ముందు పోస్టు డబ్బాలోనే పడి ఉన్నాయి. లొరెట్టా నా ఉన్ని చొక్కాల కోసం వెళ్లి వాటిని చూసి తెచ్చింది. కళ్లద్దాలు పగిలాయని తనే చదివి వినిపించింది.

‘‘ఎవరీవిడ, కోళ్ల గురించి రాస్తోంది?’’ అంది.

‘‘మా చెల్లెలు.’’

‘‘నీకు చెల్లెలుందా? ఒక్కనాడూ చెప్పలేదే!’’

‘‘నాకూ ఇప్పుడే తెలిసింది.’’

మీ అక్టోబరు ఉత్తరం మొదలుపెట్టి గడగడా చదువుకుంటూ వెళ్లింది. నీలం పెట్టె దగ్గర ఆగి, ఆ వాక్యం మళ్లీ మొదటి నుంచి చదివింది. చివరిదాకా చదివి కాగితం ఒళ్లో పెట్టుకుంది. నర్సు వచ్చి వెళ్లింది. ఆ తర్వాత నా మీద విరుచుకుపడింది.

‘‘పడుకోడానికి చోటు కావాలని దేశానికి ఆ చివరెక్కడో ఉన్నవాళ్లని అడుక్కుంటావా? నన్నెందుకు అడగలేదు?’’

‘‘నువ్వు క్లైడ్ కూతురివమ్మా. ఆ రాయి మీ బావర్లది.’’

‘‘నా పెళ్లికి చర్చిలో నన్ను చెయ్యి పట్టుకుని నడిపించిందెవరు, క్లైడా? మా అమ్మకి చివరి రోజుల్లో అన్నం తినిపించిందెవరు? నువ్వు ఏనాడన్నా నోరు తెరిచి ఇది కావాలని అడిగితేగా! వద్దనుకుంటున్నావేమో అనుకున్నా ఇన్నాళ్లూ.’’

మర్నాడు శ్మశానం చూసుకునే ఆయన్ని కలిసి వచ్చింది. ఇర్మా కాళ్ల దగ్గర అడ్డంగా ఒక మనిషికి చోటుందట. ‘‘మాట్లాడేశాను. చిన్న రాయి పెట్టొచ్చన్నారు. ఎక్కడికీ వెళ్లడానికి వీల్లేదు నాన్నా,’’ అంది.

దానికి తొమ్మిదేళ్లప్పుడు నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాను. నాన్నా అనడం ఇదే మొదటిసారి.

చెల్లెమ్మా, ఏం రాయాలో తెలియడం లేదు. చోటు అడిగింది నేను, వెతికి సంపాదించి పెట్టింది మీరు. మీ ఉత్తరం లేకపోతే ఆ పిల్ల నోట ఆ మాట వచ్చేది కాదు. కాని నేను ఇర్మా దగ్గరే ఉంటాను. కాళ్ల దగ్గరైనా సరే. అక్కడికి రాలేను. నన్ను క్షమించండి.

మీ అన్నయ్య,
మెర్ల్


పీక్ హిల్ రోడ్డు
1968 డిసెంబరు 6

అన్నయ్యా,

మీ ఉత్తరం చదివి, మడిచిపెట్టి, కోళ్లకు గింజలు వేసి వచ్చి మళ్లీ చదివాను. రెండోసారీ అదే ఉంది.

మీరు చేసిందే సరైనది. ఈ ముక్క రాసి చింపి, రాసి చింపి, ఇప్పటికి కుదిరింది. ముందు రాసినవాటిలో కోపం కనబడింది. ఆ కోపం మీ మీద కాదు. నేనే పట్టుబట్టి రుజువు వెతికాను, నేనే నా చేత్తో రాసి పోస్టు చేశాను, అదే వెళ్లి మిమ్మల్ని ఇక్కడికి రాకుండా చేసింది. అది తలుచుకుంటే ఒకసారి నవ్వొస్తుంది, ఇంకోసారి రాదు.

మెహిటబెల్ గురించి నేను ఏదేదో ఊహించుకున్నాను. అయినవాళ్లకు దూరంగా, అమ్మ బట్టలు కూడా దక్కక దిగులుతో బతికిందనుకున్నాను. ఇప్పుడలా అనిపించడం లేదు. ఆమెకు అక్కడ ఇంటినిండా పిల్లలు, పొయ్యి మీద కుండ, మొగుడు, పోట్లాటలు. అమ్మ పోయిన కబురు అందేసరికి ఒంటి మీద వేరే బట్టలు ఉన్నాయి. రానందుకు ఆమెను తప్పు పట్టలేం. పెట్టెకు కాపలా కూర్చున్న మనిషికే ఎవరూ లేరు. డోర్కస్ పేరు నేను చిన్నప్పటి నుంచి రాయి మీద చదువుతూనే ఉన్నాను, ఆమె గురించి ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆలోచించలేదు.

లొరెట్టాకు నా ఆశీస్సులు చెప్పండి. మీకు వేళకు తిండి పెడుతోందో లేదో నాకు రాయమనండి. తుంటి జాగ్రత్త. చేతికర్ర వద్దని మొండికేయకండి, మీరు మొండికేస్తారని నాకు తెలుసు.

నేల గడ్డకట్టేలోపు నా రాయి కొలతలు తీసుకుంటానని నిన్న శిల్పి వచ్చాడు. ఊరికి కొత్త, మాటకారి. గేటు తీసి చూపించాను. నా చోటు కొలిచి, పక్కకు చూశాడు.

‘‘ఇదెవరిదండీ?’’

‘‘మా అన్నయ్యది.’’

‘‘ఎప్పుడొస్తారు?’’

‘‘రాడు.’’

‘‘రాకపోతే ఖాళీయేగా. ఈ కాలంలో ఇలాంటి చోటెక్కడ దొరుకుతుంది, ఇంకెవరికైనా ఇచ్చెయ్యొచ్చు కదండీ?’’

‘‘ఇవ్వను,’’ అన్నాను.

మీ చెల్లెలు,
ఏవిస్